మందు లేని సూది, తిరిగిరాని డాక్టరు

మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఇది కూడా ఒక విశేషమేనా అని మీరు నవ్వుకోవచ్చు. కృష్ణా డెల్టాలో అరవై దాటిన ఏ అమ్మకి లేవు చెప్పండి? సార్వాకీ దాళ్వాకీ మడిలో వంగి నాట్లు వేసినవాళ్ళకీ ఉన్నాయి, ఆ నాట్లు వేసేవాళ్ళకి అన్నాలు వండి వార్చినవాళ్ళకీ ఉన్నాయి. మా అమ్మ రెండో రకం. ఉయ్యూరు దగ్గర పల్లెటూళ్ళో నలభై ఏళ్ళు సంసారం చేసింది. నొప్పి అని ఎవరితోనూ అనలేదు. ఊళ్ళో మందుల షాపు అబ్బాయిని అడిగి రోజుకో నొప్పి బిళ్ళ, పండగలూ పబ్బాలూ వస్తే రెండు, మజ్జిగతో మింగేసి పని చేసుకునేది. ఆరేళ్ళు అలా గడిచింది. కాళ్ళకి నీరు పడితే పరీక్ష చేయించాం. కిడ్నీలు దెబ్బతినడం మొదలైందనీ, ఇక నొప్పి బిళ్ళ ముట్టుకోవద్దనీ డాక్టరు గట్టిగా చెప్పేశాడు.

బిళ్ళలు మానేసింది సరే, మరి నొప్పి మానదుగా! రాత్రుళ్ళు అమ్మ నిద్రపోకుండా మంచం మీద కూచుని మోకాళ్ళు రుద్దుకుంటుంటే నాకు కడుపు తరుక్కుపోయేది. విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంటికి తెచ్చి పెట్టుకున్నాను. కిడ్నీ డాక్టరుగారినే అడిగాను, ఇంకేమైనా దారి ఉందా అని. తేలికపాటి వ్యాయామం, బరువు తగ్గడం చెప్పి, కావాలంటే ఆక్యుపంక్చర్ కూడా చేయించి చూడండి, కిడ్నీలకి దానివల్ల ఇబ్బంది లేదు అన్నాడు. అలా సూర్యారావుపేటలో ఓ సందులో ఉన్న చిన్న క్లినిక్కుకి వెళ్ళాం.

సూదుల వైద్యం అనగానే అమ్మ ఇంజక్షన్ అనుకుంది. తీరా చూస్తే వెంట్రుకంత సన్నటి సూదులు. వాటిలో మందు లేదు. మోకాలి చుట్టూ, పిక్క పక్కనా, పాదం మీదా పదో పన్నెండో గుచ్చి అలా ఇరవై నిమిషాలు వదిలేశారు. మందు లేని సూది ఏం సూదే అని అమ్మ నా వంక అనుమానంగా చూసింది. నొప్పి లేదు గానీ ఏదో బరువుగా, తిమ్మిరెక్కినట్టు ఉందంది. అలా ఉండాలనే డాక్టరమ్మ కూడా చెప్పింది.

కదలకుండా పడుకున్న మనిషికి ఇరవై నిమిషాలు ఏం తోస్తుంది? అమ్మ కళ్ళు గోడ మీద ఫోటో మీద పడ్డాయి. సైనికుల టోపీ పెట్టుకున్న ఓ కుర్రాడు. చక్కటి ముఖం. మన పిల్లాడిలాగే ఉన్నాడు, ఎవరే అంది. డాక్టరమ్మ చెప్పింది - ఆయన డాక్టర్ కోట్నీస్ అని, షోలాపూర్ ఆయన అని.

షోలాపూర్ అంటే అమ్మకి వెంటనే దుప్పటి గుర్తొచ్చింది! మన ఇళ్ళల్లో షోలాపూర్ దుప్పటి లేని పెట్టె ఉండేదా? ఇక ఆ కథ చెప్పమని నన్ను పట్టుకుంది. కోట్నీస్ పేరు నాకూ విన్నట్టే ఉంది తప్ప పూర్తిగా తెలియదు. ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల్లో తిరిగి, లైబ్రరీలో వెతికి, చదివిందంతా సిట్టింగుకి కొంచెం చొప్పున అమ్మకి చెప్పాను. మొత్తం పది సిట్టింగులు. సీరియల్ అనుకోండి. అదే ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

ద్వారకానాథ్ కోట్నీస్ 1910 అక్టోబరు 10న షోలాపూర్‌లో పుట్టాడు. మహారాష్ట్ర ఊరే అయినా అది మనకి పరాయిది కాదు. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గాన్ని నమ్ముకుని వలసవెళ్ళిన పద్మశాలీల ఊరది. మనం కప్పుకున్న దుప్పట్లలో ఎన్నో తెలుగు చేతులు నేసినవే. ఆ వీధుల్లో తెలుగు వింటూనే కోట్నీస్ పెరిగి ఉంటాడు. మధ్యతరగతి కుటుంబం. ఇంటినిండా పిల్లలు. అతనికి అన్నదమ్ములు ఇద్దరు, అక్కచెల్లెళ్ళు అయిదుగురు. అంతమందిలో ఒక పిల్లాణ్ణి డాక్టరు చదివించడమంటే ఆ రోజుల్లో తండ్రికి ఎంత బరువో మనకి వేరే చెప్పక్కర్లేదు. బొంబాయిలో సేథ్ జి.ఎస్. మెడికల్ కాలేజీలో చదివాడు. ఇంకా పై చదువు చదివి పెద్ద డాక్టరు కావాలనీ, దేశాలు చూడాలనీ అతని ఆశ.

అంతలో 1937లో జపాన్ చైనా మీద విరుచుకుపడింది. గాయపడ్డ సైనికులకి కట్టు కట్టే డాక్టర్లు లేరు. డాక్టర్లని పంపమని చైనా సైన్యాధిపతి చూటే మన నెహ్రూగారికి ఉత్తరం రాశాడు. అప్పటికి మనకే స్వాతంత్ర్యం లేదు. అయినా 1938లో కాంగ్రెస్ అధ్యక్షుడుగా ఉన్న సుభాష్ చంద్రబోస్ దేశ ప్రజల్ని అడిగాడు. జులైలో మూడు రోజులు చందాలు పోగుచేస్తే 22,000 రూపాయలు వచ్చాయి. తిండికి లేని దేశం పక్కింటివాళ్ళ కష్టానికి తన కొంగు ముడి విప్పింది అన్నమాట.

వెళ్ళడానికి అయిదుగురు డాక్టర్లు సిద్ధమయ్యారు. అలహాబాద్ నుంచి అటల్, నాగపూర్ నుంచి చోల్కర్, కలకత్తా నుంచి దేబేశ్ ముఖర్జీ, బిజయ్ కుమార్ బసు, షోలాపూర్ నుంచి మన కోట్నీస్. అటల్ అప్పటికే స్పెయిన్ యుద్ధంలో గాయపడ్డవాళ్ళకి వైద్యం చేసి వచ్చిన పెద్దమనిషి. కోట్నీస్‌కి ఇంకా 28 నిండలేదు. బసు పేరు మాత్రం మీరు కాస్త గుర్తుపెట్టుకోండి. అతనితో మనకి తర్వాత చాలా పని ఉంది.

1938 సెప్టెంబరులో బొంబాయి రేవులో రాజపుటానా అనే ఓడ ఎక్కారు. హాంకాంగ్ మీదుగా చైనాలో అడుగుపెట్టారు. బాంబులు పడుతున్న ఊళ్ళ మీదుగా లోపలికి, ఇంకా లోపలికి వెళ్ళారు. చుంగ్‌కింగ్ నగరంలో ఉండి యెనాన్ ప్రయాణానికి ఎదురుచూస్తుండగా షోలాపూర్ నుంచి కబురొచ్చింది. కోట్నీస్ తండ్రి చనిపోయాడు.

ఇక్కడికి రాగానే అమ్మ సూదులున్న కాలు కదపబోయి ఆగింది. వెనక్కి వచ్చేశాడా అంది. రాలేదమ్మా అన్నాను. తోటివాళ్ళు ఇంటికి వెళ్ళమన్నారు. అతను వెళ్ళలేదు. ఒప్పుకున్న పని మొదలుపెట్టకుండానే తిరిగిపోవడం అతనికి ఇష్టం లేదు. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, ఆ తల్లి ఎలా తట్టుకుందో పాపం అని ఒక్క మాట అంది. దేశభక్తుల కథలు చెప్పేటప్పుడు మనం తల్లిని తలుచుకోం. అమ్మలు మాత్రం ముందు ఆవిణ్ణే తలుచుకుంటారు.

1939 ఫిబ్రవరిలో అయిదుగురూ యెనాన్ చేరారు. మావో వాళ్ళ స్థావరం అది. ఊరంటే పసుపుపచ్చ మట్టికొండల్లో తొలిచిన గుహలు. ఇళ్ళూ గుహలే, ఆస్పత్రీ గుహే. జబ్బుపడి చోల్కర్, ముఖర్జీ ఆ ఏడాదే తిరిగొచ్చేశారు. ఆ తర్వాతి ఏడు అటల్ కూడా వచ్చేశాడు. బసు, కోట్నీస్ మిగిలారు. కొన్నాళ్ళు ఇద్దరూ కలిసే యుద్ధరంగానికి దగ్గరగా తిరిగారు. తర్వాత బసుకి యెనాన్‌లో పని పడింది. కోట్నీస్ ఉత్తరాన ఉతాయ్ కొండల వైపు ఉండిపోయాడు. ప్రాణస్నేహితులు అలా చెరో దిక్కూ అయిపోయారు.

ఆ కొండల్లో అప్పటిదాకా పనిచేసిన డాక్టరు నార్మన్ బెథూన్. కెనడా దేశస్థుడు. ఆపరేషన్ చేస్తుండగా వేలు తెగి, రక్తం విషమై 1939 నవంబరులో చనిపోయాడు. ఆయన ఖాళీ చేసిన చోట మన కోట్నీస్ నిలబడ్డాడు. ఆస్పత్రి అంటే మన సూర్యారావుపేట నర్సింగ్ హోములు ఊహించుకోకండి. పల్లెటూరి ఇంట్లో తలుపు చెక్క మీద మనిషిని పడుకోబెట్టి ఆపరేషన్ చేయడమే. శత్రువు దగ్గరికొస్తే రోగుల్ని మోసుకుని ఇంకో కొండకి పోవడమే. మత్తుమందుకి కూడా కటకటే. 1940లో ఓ పెద్ద పోరాటంలో 800 మందికి పైగా క్షతగాత్రులు వచ్చిపడ్డారు. మూడు రోజులు, 72 గంటలు, నడుం వాల్చకుండా ఆపరేషన్లు చేశాడట. 1941 జనవరిలో బెథూన్ పేరుతో ఉన్న ఆ ఆస్పత్రికి అతన్నే డైరెక్టర్ని చేశారు.

చైనా భాష నేర్చుకున్నాడు. నేర్చుకోవడమంటే కూరగాయలు బేరమాడేంత కాదు. ఆ భాషలోనే విద్యార్థులకి పాఠాలు చెప్పేవాడు, సర్జరీ మీద పుస్తకం రాశాడు. వాళ్ళు అతనికి కె దిహువా అని తమ పేరు పెట్టుకున్నారు.

ఆ కాలేజీలోనే నర్సింగ్ పాఠాలు చెప్పే అమ్మాయి గువో చింగ్‌లాన్. బెథూన్ సమాధి దగ్గర జరిగిన సభలో ఒకరినొకరు చూసుకున్నారు. 1941లో పెళ్ళి చేసుకున్నారు. ఇక్కడ మా అమ్మకి బోలెడు సందేహాలు. ఏం వండుకునేవాళ్ళు? ఏ భాషలో పోట్లాడుకునేవాళ్ళు? చైనా భాషలోనేనమ్మా అంటే, అయితే గెలుపు ఆ పిల్లదే అని తేల్చేసింది. 1942 ఆగస్టులో కొడుకు పుట్టాడు. ఇన్‌హువా అని పేరు పెట్టారు. చైనా భాషలో ఇన్ అంటే ఇండియా, హువా అంటే చైనా. చంటిపిల్లాడి పేరులో రెండు దేశాలూ ఒద్దికగా సర్దుకున్నాయి.

కానీ ఆ ఇంట్లో సుఖం ఎన్నాళ్ళో లేదు. తిండి సరిగా లేదు, నిద్ర లేదు. కోట్నీస్‌కి మూర్ఛలు రావడం మొదలయ్యాయి. విశ్రాంతి తీసుకోమంటే వినలేదు. ఒకదాని వెంట ఒకటి మూర్ఛలు వచ్చి 1942 డిసెంబరు 9న కన్నుమూశాడు. వయసు 32. పిల్లాడికి నాలుగు నెలలైనా నిండలేదు.

ఆ రోజు సిట్టింగు అయ్యాక అమ్మ లేచి కూచుని ఫోటోకేసి చూస్తూ కళ్ళు తుడుచుకుంది. పక్క మంచం మీద మెడనొప్పితో పడుకున్న ఓ బ్యాంకు ఉద్యోగిని కూడా, ఇంతసేపూ విన్నట్టుంది, ముక్కు ఎగబీల్చింది.

షోలాపూర్ కుర్రాడి కథ అంతటితో అయిపోయింది. అయిదుగురు వెళ్ళారు, ఒకడు తిరిగి రాలేదు. ఆ కథనే వి. శాంతారాం 1946లో హిందీ సినిమాగా తీశాడు. కోట్నీస్‌గా తనే వేశాడు. చింగ్‌లాన్‌గా జయశ్రీ వేసింది.

కానీ నాకో చిక్కు మిగిలింది. కోట్నీస్ కత్తి పట్టిన సర్జను. ఈ సూదుల వైద్యానికీ అతనికీ సంబంధం ఏమిటి? ఇక్కడ అతని ఫోటో ఎందుకు? డాక్టరమ్మని అడిగితే నవ్వి, మీరు అసలు మనిషిని మధ్యలో వదిలేశారండీ అంది. అప్పుడు గుర్తొచ్చాడు బసు.

బిజయ్ బసు 1943లో ఇండియా తిరిగొచ్చాడు. వెళ్ళేటప్పుడు పక్కనున్న స్నేహితుడు వచ్చేటప్పుడు లేడు. కలకత్తాలో ప్రాక్టీసు పెట్టుకున్నాడు. ఇంగ్లీషు వైద్యం చదివిన డాక్టరే. 1950ల చివర్లో మళ్ళీ చైనా వెళ్ళే అవకాశం వచ్చింది. అతన్ని ఏళ్ళ తరబడి ముక్కు జబ్బు ఒకటి పీడిస్తోంది. తను చదివిన వైద్యంతో తగ్గలేదు. అక్కడివాళ్ళు సూదులు గుచ్చారు. గుణం కనిపించింది. మనలాంటివాళ్ళమైతే అదృష్టం అనుకుని ఇంటికొచ్చేస్తాం. బసు మాత్రం యాభైకి దగ్గరపడుతున్న వయసులో మళ్ళీ విద్యార్థిలా కూచుని ఆ విద్య నేర్చుకున్నాడు. 1959లో కలకత్తాలో ఆక్యుపంక్చర్ చేయడం మొదలుపెట్టాడు. మన దేశంలో ఈ వైద్యానికి అదే మొదలని చెబుతారు.

మూడేళ్ళు తిరక్కుండానే 1962లో చైనాతో యుద్ధం వచ్చింది. చైనా అనే మాటే చేదైపోయిన రోజులు. అలాంటి రోజుల్లో చైనా సూదులు పట్టుకుని వైద్యం చేయడమంటే మాటలు కాదు. బసు మానలేదు. తర్వాత స్నేహితుడి పేరుతో ఉన్న కోట్నీస్ స్మారక కమిటీ ద్వారా ఆ విద్యని నలుగురికీ నేర్పాడు. కత్తితో ప్రాణాలు నిలిపిన స్నేహితుడి పేరు అలా సూదితో ముడిపడింది. పంజాబ్‌లో లూధియానాలో కోట్నీస్ పేరుతో ఆక్యుపంక్చర్ ఆస్పత్రే వెలిసింది. సూర్యారావుపేట సందులో గోడ మీదికి ఫోటో వచ్చిన దారి ఇదన్నమాట. బసు 1986లో పోయాడు. ఆ తర్వాత పదేళ్ళకి, 1996లో, పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఈ వైద్యానికి ప్రత్యేకంగా చట్టం చేసింది. ఆయన చూడలేదు.

అమెరికావాళ్ళకి సూదుల సంగతి బాగా తెలిసింది 1971లో. న్యూయార్క్ టైమ్స్ విలేకరి జేమ్స్ రెస్టన్ చైనాలో ఉండగా అపెండిసైటిస్ వచ్చి ఆపరేషన్ అయింది. తర్వాత కడుపులో ఇబ్బందికి అక్కడి డాక్టరు సూదులు గుచ్చితే ఉపశమనం కలిగింది. అది ఆయన పత్రికలో రాయగానే దేశమంతా ఇదేమిటని అడగడం మొదలుపెట్టింది. అప్పటికే కలకత్తాలో మన బసు పన్నెండేళ్ళుగా ఆ పని చేస్తున్నాడు. మన ఇంటి వంట రుచి పక్కింటివాళ్ళు మెచ్చుకుంటే గానీ మనకి తెలియదు మరి!

ఇంతకీ మందు లేని సూది ఎలా పనిచేస్తుంది? చైనావాళ్ళ శాస్త్రం ప్రకారం ఒంట్లో ప్రాణశక్తి కొన్ని దారుల్లో ప్రవహిస్తుంది. మన పంటకాలవల్లాగే అనుకోండి. ఎక్కడైనా అడ్డం పడితే నొప్పి. సూదితో ఆ అడ్డు తీస్తారు. వాళ్ళు చెప్పే స్థానాల్లో మోకాలి కింద ఒకటుంది. దాని పేరులో మూడు మైళ్ళలాంటి మాట ఉంది. అక్కడ గుచ్చితే అలిసిపోయిన మనిషి ఇంకో మూడు మైళ్ళు నడుస్తాడని ఆ పేరు వివరిస్తారు. అమ్మకి అది బాగా నచ్చింది.

ఇప్పటి సైన్సు ఈ కాలవల సంగతి ఒప్పుకోదు. ఒంటిని కోసి చూస్తే అవి కనపడవు. సైన్సు చెప్పేది వేరు. వేలు తలుపులో పడితే మనం చటుక్కున రుద్దుకుంటాం కదా? ఆ రుద్దుడు కబురు ముందు చేరి నొప్పి కబురుని వెనక్కి నెడుతుంది. మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు 1965లో ఈ సంగతి వివరించారు. సూది కూడా కొంత అలాంటి పనే చేస్తుందని ఒక అభిప్రాయం. పైగా నొప్పిని తగ్గించే ఎండార్ఫిన్లు అనే పదార్థాలని మన శరీరమే తయారుచేసుకుంటుందనీ, సూది గుచ్చినప్పుడు అవి ఊరతాయనీ చెబుతారు.

మరి తప్పకుండా తగ్గుతుందా అంటే, నిజం చెప్పుకోవాలి. 1997లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ నిపుణుల్ని కూచోబెట్టి అడిగితే, ఆపరేషన్ తర్వాతా కాన్సర్ మందుల తర్వాతా వచ్చే వాంతులకీ, పన్ను పీకించుకున్న నొప్పికీ పనిచేస్తుందన్నారు. నడుం నొప్పి, కీళ్ళ అరుగుదల లాంటి వాటికి మిగతా వైద్యంతో పాటు తోడుగా పనికి రావచ్చన్నారు. తర్వాత జరిగిన పరిశీలనల్లో కొందరికి అసలు సూదులు, కొందరికి ఉత్తుత్తి సూదులు వేసి చూస్తే, ఉత్తుత్తివాళ్ళకీ చాలావరకు తగ్గింది. అసలు సూదులవాళ్ళకి ఇంకాస్త ఎక్కువ తగ్గింది, అంతే. అంటే ఇది మహిమ కాదు, మోసమూ కాదు. అరిగిన మోకాలి గుజ్జుని ఏ సూదీ తిరిగి పెట్టలేదు.

ఒకరోజు డాక్టరమ్మ అగరువత్తిలాంటి లావుపాటి చుట్ట వెలిగించి మోకాలికి తగలకుండా దగ్గర పెట్టి కాక చూపించింది. పొగ రాగానే అమ్మ లేచి కూచున్నంత పని చేసింది. ఇది మాచిపత్రి వాసనే అంది! నిజమే, అది మాచిపత్రి జాతి మొక్క ఆకుని ఎండబెట్టి చేసిన చుట్టట. వినాయకచవితికి మనం పూజలో మొట్టమొదట వేసే పత్రి. ఏటా ఒక్కరోజు దేవుడికిచ్చి మర్చిపోయే ఆకుని వాళ్ళు నొప్పికి వాడుకుంటున్నారు. మా అమ్మమ్మగారి అమ్మ నడుం పట్టేస్తే వాత పెట్టించుకునేదని కూడా అమ్మకి అప్పుడే గుర్తొచ్చింది. వాతకీ దీనికీ తేడా ఒకటే, ఇక్కడ ఒళ్ళు కాలదు.

పది సిట్టింగులయ్యాక ఏమైందంటారా? అమ్మ పరుగులు పెట్టట్లేదు. కింద కూచోలేదు, పీట మీద నుంచి లేవాలంటే ఇప్పటికీ ఎవరో చెయ్యివ్వాలి. కానీ రాత్రి నిద్రపోతోంది. మా మేడమెట్లు ఆగి ఆగి అయినా ఎక్కుతోంది. నొప్పి బిళ్ళ జోలికి పోలేదు. అందులో సూదుల వంతు ఎంతో, రోజూ చేయించిన వ్యాయామం వంతు ఎంతో, పడుకున్న ఇరవై నిమిషాలూ ఎవరో తన పక్కన కూచుని కథ చెప్పిన వంతు ఎంతో నేను లెక్క కట్టలేను. నలభై ఏళ్ళలో అమ్మ పట్టపగలు ఇరవై నిమిషాలు ఏ పనీ చేయకుండా పడుకోవడం నేను అదే చూడటం.

మీలో ఎవరైనా వెళ్ళాలనుకుంటే రెండు మూడు సంగతులు గుర్తుంచుకోండి. ముందు అసలు నొప్పి దేనివల్లో మామూలు డాక్టరు దగ్గర తేల్చుకోండి. గుండెనొప్పినీ, గడ్డనీ సూదులతో దాచిపెట్టకూడదు. సూదులు ఎప్పటికప్పుడు కొత్త ప్యాకెట్ మీ ఎదుటే విప్పాలి. గర్భంతో ఉన్నా, రక్తం పల్చబడే మందులు వాడుతున్నా ముందే చెప్పాలి. ఛాతీ మీద లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి ప్రమాదం, అందుకే నేర్చుకున్నవాళ్ళ దగ్గరికే వెళ్ళాలి. బీపీ, షుగర్ మాత్రలు మానేయమని ఎవరైనా అంటే అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి.

చింగ్‌లాన్ సంగతి చెప్పకుండా ముగిస్తే మా అమ్మ ఊరుకోదు. చంటిపిల్లాడితో మిగిలిన ఆ అమ్మాయి తర్వాత మళ్ళీ పెళ్ళి చేసుకుంది. కోట్నీస్‌ని మాత్రం మరవలేదు. ఎన్నోసార్లు మన దేశం వచ్చి అత్తవారి కుటుంబాన్ని కలుసుకుంది.  ఇన్‌హువా తండ్రిలాగే డాక్టరు చదువుతూ 1967లో పాతికేళ్ళైనా నిండకుండానే చనిపోయాడు. భర్తనీ కొడుకునీ పోగొట్టుకుని కూడా ఆవిడ 2012 దాకా బతికింది. చైనాలో షిజియాజువాంగ్ నగరంలో కోట్నీస్ సమాధి ఉంది. షోలాపూర్‌లో అతని ఇల్లు ఇప్పుడు స్మారకమందిరం.

ఆఖరి సిట్టింగు రోజు అమ్మ ఇంటి దగ్గర నుంచి మూర కనకాంబరాలు తెచ్చింది. ఫోటోకి వేద్దామని. తర్వాత ఏమనుకుందో, దండ వేస్తే చచ్చిపోయినవాడిలా కనపడతాడే అని డాక్టరమ్మ చేతికిచ్చి జడలో పెట్టుకోమంది.

ఊరెళ్ళిన వారానికి ఫోన్ చేసింది. మా పొలంలో నాట్లకి వచ్చే ఆవిడ నడుం నొప్పికి రోజూ బిళ్ళ కొనుక్కుంటోందని తెలిసి, అమ్మ ఆ బిళ్ళల అట్ట లాక్కుని తన కొంగులో కట్టేసుకుందట. మర్నాడు తనే తోడెళ్ళి ఉయ్యూరు ప్రభుత్వాసుపత్రిలో చూపించిందట. నీ మోకాళ్ళతో నువ్వెలా వెళ్ళావే అని నేను కేకలేశాను. మూడు మైళ్ళు లేదులే, బస్సులోనే వెళ్ళాం అంది.